పొమ్మన్నా పోని యాప్

సుధీర్ షాపుకి లిఖిత రెండోసారి వచ్చింది కొట్లాడటానికే.

పొద్దున్నే కోడూరులో బయల్దేరింది. అవనిగడ్డలో బస్సు మారేటప్పుడు సగం తడిసింది. బందరు కోనేరు సెంటర్‌లో దిగాక మిగతా సగం తడిసింది. ఉన్న ఒక్క గొడుగునీ తన నెత్తిమీద కాకుండా చేతిలో ఉన్న ట్యాబ్ మీద పట్టుకుంది. మేడ మెట్లెక్కి, తలుపు తోసుకుని, కౌంటర్ దగ్గర అప్పటికే నిలబడి ఉన్న నలుగురినీ దాటుకుని వెళ్ళి ఆ ట్యాబ్‌ని సుధీర్ ముందు పెట్టింది.

"ఏవండీ, మొన్న మీరు దీన్ని బాగుచేశారా, బాగుచేసినట్టు నటించారా?"

చెరువులో పడి తేలిన ఫోనొకదాన్ని విప్పి బ్రష్షుతో తుడుస్తున్నాడతను. తలెత్తి చూశాడు. కళ్ళ కింద నల్లగా ఉంది. పొద్దున్నుంచి అది ఆరో ఫోనో ఏడో ఫోనో అయ్యుంటుంది.

"కూర్చోండి మేడమ్."

"కూర్చోనండి. కూర్చుంటే కోపం తగ్గిపోతుంది. ముందిది చూడండి."

ట్యాబ్ వెలిగింది. అందుకోసమే కాచుకుని ఉన్నట్టు తెర నిండా గులాబీలు విచ్చుకున్నాయి. ఒక ఆడగొంతు షాపంతా వినపడేలా పలికింది. "లిఖిత గారూ, మీకు తగిన వరుడు మీకు దగ్గర్లోనే ఉన్నాడు."

నలుగురూ నవ్వారు. ఒకాయనైతే పక్కకి తిరిగి చూశాడు కూడా, ఆ వరుడెవరా అని. సుధీర్ నవ్వలేదు. నవ్వితే లిఖిత ఇంకా ఏమనేదో.

లిఖిత కోడూరు మండలంలో ఫిషరీస్ అసిస్టెంట్. సొంతూరు గుడివాడ. నాలుగేళ్ళుగా కోడూరులో గది అద్దెకి తీసుకుని ఒక్కతే ఉంటోంది. రొయ్యల చెరువుల గట్ల మీద బండేసుకుని తిరగడం, నీళ్ళు పరీక్ష చెయ్యడం, రైతు ఏ మందు వెయ్యాలో ఏది వెయ్యకూడదో చెప్పడం ఆమె పని. ఈ వర్షాకాలంలో దానికి తోడు సర్వే ఒకటి వచ్చిపడింది. చెరువు చెరువుకీ వెళ్ళి, కొలతలు రాసి, గట్టు మీద రైతుని నిలబెట్టి ఫోటో తీసి, అన్నీ ట్యాబ్‌లో ఎక్కించాలి. అందులో పేరు లేకపోతే కరెంటు రాయితీ పోతుందని రైతులకి భయం. సోమవారంతో గడువు అయిపోతుందని లిఖితకి భయం.

ఆ ట్యాబ్ ఆమె సొంతం. రెండేళ్ళ క్రితం కొన్నప్పుడు పరుగులు తీసేది. ఇప్పుడు ముసలి ఎద్దులా ప్రతి అడుక్కీ ఆగుతోంది. ఎవరు వేశారో తెలియని యాప్‌లు ఐదారు అందులో కాపురం పెట్టాయి. చెత్త ఊడుస్తానని వచ్చినదే ఎక్కువ చెత్త పోసింది. టార్చిలైటు యాప్ ఒకటి పట్టపగలు పేకాట ప్రకటనలు వేసేది. అన్నిటికంటే మొండిది పెళ్ళిసంబంధాల యాప్. తీసేస్తుంటే పోయేది కాదు. పోయినా మర్నాటికి మళ్ళీ ఉండేది.

ఒకరోజు కోటేశ్వరరావు గారనే పెద్దరైతుకి లిఖిత ట్యాబ్‌లో చెరువు మ్యాపు చూపిస్తుంటే, సరిగ్గా అప్పుడే ఆ గులాబీలు విచ్చుకుని వరుడు దగ్గర్లోనే ఉన్నాడని చెప్పాయి. అరవై రెండేళ్ళ మనిషి ఆయన. కాసేపు చాలా గంభీరంగా ఆలోచించి, "నా గురించేనా అమ్మా?" అని అడిగాడు. ఆ రోజు రాత్రి ఆ మాట తల్చుకుని లిఖిత నవ్వింది. నవ్వి, ఎందుకో తెలియకుండానే కాసేపు ఏడ్చింది.

మొదటిసారి ఆమె బందరు వచ్చినప్పుడు జరిగింది ఇది. సెంటర్‌లో పెద్ద షాపువాళ్ళు రీసెట్ కొడితే పది నిమిషాల్లో కొత్తదైపోతుందన్నారు. అందులో రెండువందల ఎనభై ఆరు చెరువుల వివరాలున్నాయని, సిగ్నల్ లేని గట్ల మీద రాసుకున్నవి కాబట్టి ఇంకా పైకి వెళ్ళలేదని, రీసెట్ కొడితే మూడు వారాల ఎండా వానా గాల్లో కలిసిపోతాయని చెప్పింది. అలా అయితే మా వల్ల కాదన్నారు. అక్కణ్ణుంచి ఎవరో చెప్పగా ఈ మేడ మీదికొచ్చింది.

సుధీర్ రీసెట్ మాటెత్తలేదు. ట్యాబ్‌కి వైరు తగిలించి లాప్‌టాప్ ముందు మూడు గంటలు కూర్చున్నాడు. మధ్యలో ఒక్కసారి ఆమెకి అర్థమయ్యేలా చెప్పాడు.

"కొన్ని యాప్‌లు ఇంట్లోకి వచ్చేటప్పుడే తాళంచెవి అడుగుతాయండీ. మనం చదవకుండా ఓకే నొక్కి ఇచ్చేస్తాం. ముందు ఆ తాళంచెవి వెనక్కి లాక్కోవాలి. అది లాక్కోకుండా గెంటితే పోవు. కొన్ని కంపెనీవాడే గోడలో పెట్టి కట్టేసినవి ఉంటాయి, వాటిని పీకలేం. నోరు మూయించి ఓ మూల కూర్చోబెడతాం."

ఒక్కొక్కటే వెళ్ళిపోయింది. పెళ్ళి యాప్ కూడా వెళ్ళిపోయింది. లిఖిత ఆ రోజు తేలికపడి కోడూరు వెళ్ళింది. నాలుగోరోజు పొద్దున్న చూస్తే మిగతావేవీ లేవు గానీ, గులాబీలు మాత్రం ఉన్నాయి.

అందుకే ఈ కోపం.

సుధీర్ మిగతావాళ్ళని కాసేపు ఆగమని ట్యాబ్ చేతిలోకి తీసుకున్నాడు. అటూ ఇటూ వెతికాడు. మొహంలో అలసట పోయి ఆశ్చర్యంలాంటిది వచ్చింది.

"ఇది నిన్న పొద్దున్న ఐదూ నలభైకి ఇన్‌స్టాల్ అయింది. ఆ టైంలో మీరేం చేస్తున్నారండీ?"

"నిద్రపోతున్నాను. ఇంకేం చేస్తాను?"

"మరైతే ఇంకెవరో మేలుకుని ఉన్నారు." ట్యాబ్ ఆమెవైపు తిప్పాడు. "ఇది వైరస్ కాదు మేడమ్. మీ అకౌంట్ ఇంకో ఫోన్‌లో కూడా ఉంది. ఆ ఫోన్ నుంచి ఎవరో కావాలనే దీన్ని ఈ ట్యాబ్‌లోకి పంపిస్తున్నారు. మీరు తీసేసినప్పుడల్లా వాళ్ళు మళ్ళీ వేస్తున్నారు."

తెర మీద ఆ ఫోన్ పేరుంది. లిఖిత దాన్ని ఒకటికి రెండుసార్లు చదువుకుంది. రెండేళ్ళ క్రితం గుడివాడలో తన చేత్తో కొని, బస్సుకి టైమైపోతోందని కొత్త అకౌంట్ తెరవకుండా తన అకౌంటే పెట్టి అమ్మ చేతికిచ్చిన ఫోన్ అది.

లిఖిత అప్పుడు కూర్చుంది.

తల్లి విజయకుమారి గుడివాడలో బ్లౌజులు కుడుతుంది. తెల్లవారకముందే లేచి మిషను ముందు కూర్చుంటుంది. ఐదూ నలభైకి టీ తాగుతూ ఫోన్ చూస్తుంది. ఆ టీ కప్పు, ఆ కళ్ళజోడు, తెర మీద తన కూతురి ట్యాబ్ పేరు పక్కన పచ్చగా ఒక టిక్కు పెట్టే ఆ వేలు, అన్నీ లిఖిత కళ్ళకి కట్టాయి.

"మా అమ్మండీ" అంది. తర్వాత వెనక్కి తిరిగి, నవ్విన నలుగురూ వినేలాగే, "తప్పు ఈయనది కాదండీ, మాదే. అనవసరంగా కేకలేశాను. సారీ" అంది.

ఈసారి సుధీర్ నవ్వాడు. అలిసిన మనిషి నవ్వు అది. కళ్ళ దగ్గర మొదలై పెదాల దాకా రావడానికి కొంచెం టైం పట్టింది.

అకౌంట్‌ని ఆ ఫోన్‌లోంచి ఇక్కణ్ణుంచే పీకెయ్యొచ్చు. కానీ విజయకుమారి కస్టమర్ల నంబర్లు, వాళ్ళ కొలతలు అన్నీ ఆ అకౌంట్‌లోనే ఉన్నాయి. పీకితే అవన్నీ ఆమె ఫోన్‌లోంచి మాయమవుతాయి. ఎవరో ఒకరు ఆమె పక్కన కూర్చుని కొత్త అకౌంట్ తెరిచి, అన్నీ అందులోకి మార్చి, అప్పుడు పాతది తియ్యాలి. సర్వే అయ్యేదాకా లిఖితకి గుడివాడ వెళ్ళే వీల్లేదు. ఆదివారం సుధీర్ గుడివాడలో వాళ్ళక్క ఇంటికి వెళ్తున్నాడు. చర్చి అయ్యాక ఓ గంట ఖాళీ ఉంటుందని, అడ్రసు ఇస్తే తను చేసి వస్తానని అన్నాడు. లిఖిత వద్దంది. ఎందుకు వద్దో చెప్పలేక చివరికి అడ్రసు ఇచ్చింది.

ఆ రోజు ఆమెకి ఇంకో పని కూడా ఉంది. చెత్త యాప్‌లు పోయి ఖాళీ వచ్చింది కాబట్టి చెరువుల వివరాలన్నీ ఇప్పుడు పైకి పంపొచ్చు. షాపులో వైఫై ఉంది. రెండువందల ఎనభై ఆరు చెరువులు ఫోటోలతో సహా ఒక్కొక్కటే కదలడం మొదలుపెట్టాయి. బయట వాన ఒక్క తీరున కురుస్తోంది. కస్టమర్లు తగ్గారు. సుధీర్ పని చేసుకుంటూనే అప్పుడప్పుడు ట్యాబ్ వైపు చూసి ఎన్నో నంబరో చెబుతున్నాడు.

డెబ్భై దాటాక అడిగాడు. "పెళ్ళంటే ఇష్టం లేదా అండీ మీకు?"

"పెళ్ళంటే కాదండీ. చూపులంటే." ట్యాబ్ మీంచి చూపు తిప్పకుండా చెప్పింది. "పదకొండయ్యాయి. ఎండలో తిరగడం మానేస్తే రంగు తిరిగొస్తుందన్నాడొకాయన. రొయ్యల వాసన ఇంటిదాకా వస్తుందా అని అడిగింది ఒకావిడ. ఉద్యోగం మానెయ్యమని అందరూ అడిగారు. చెప్పిందే చెప్పీ చెప్పీ ఓపిక పోయింది. మా అమ్మకింకా పోలేదు."

అతను దానికి సలహా ఏమీ చెప్పలేదు. తన సంగతి చెప్పాడు. హైదరాబాదులో ఒక పెద్ద సర్వీస్ సెంటర్‌లో చేసేవాడు. తండ్రి అబ్రహాము గారు ఈ షాపులోనే రేడియోలు, టీవీలు బాగుచేసేవారు. ఆయనకి పక్షవాతం వస్తే వచ్చేశాడు. ఆయన పోయాక కూడా తిరిగి వెళ్ళలేదు. పెళ్ళికి మాటిచ్చిన అమ్మాయి బందరొచ్చి ఉండలేనంది. అందులో ఆమె తప్పేమీ లేదని కూడా అతనే చెప్పాడు. ఎవరి మీదా కోపం లేకుండా తన కష్టం చెప్పుకునే మనిషిని లిఖిత చూడటం అదే మొదలు.

నూట డెబ్భై మూడో చెరువు దగ్గర ట్యాబ్ ఆగిపోయింది. ఎంతసేపు చూసినా కదల్లేదు. లిఖిత కళ్ళు మూసుకుంది. ఇంక తన వల్ల కాదని, ఉద్యోగం పోతే పోయిందని అనేసింది. సుధీర్ చేతిలో పని పక్కన పెట్టి వచ్చి చూశాడు. ఆ ఒక్క చెరువు ఫోటో చెడిపోయింది. దాన్ని పక్కకి తీస్తే తప్ప వెనకవి కదలవు.

"ఇదెవరి చెరువో గుర్తుందా?"

"ఎందుకు లేదు. కోటేశ్వరరావు గారిది. ఆ గులాబీలు చూసి, నా గురించేనా అమ్మా అన్నాడాయన."

"అయితే ఆయన ఫోటో మళ్ళీ తీసుకోవాలి. రేపు తీసి పంపండి, ఇది ఒక్కటే మిగులుతుంది. మిగతా నూట పదమూడూ ఇప్పుడే పంపిద్దాం."

ఒక్కటే అన్నాడతను. ఆ మాట ఆమెకి మంచినీళ్ళలా తగిలింది. సాయంత్రం అయిదింటికి చివరి చెరువు వెళ్ళింది. ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. చప్పట్లు కొట్టే ఓపిక ఇద్దరికీ లేదు.

ఆదివారం మధ్యాహ్నం విజయకుమారి ఫోన్ చేసింది. బందరబ్బాయి వచ్చాడని, ఫోన్ బాగుచేశాడని, కొలతలు ఒక్కటీ పోలేదని, ఇంక తన ఫోన్ తనదేనని చెప్పింది. ట్యాబ్‌లో ఆ యాప్ ఎందుకు వేశావమ్మా అని లిఖిత అడిగితే, నువ్వు ఫోన్ ఎత్తవు, ఎత్తినా ఆ మాట ఎత్తనివ్వవు, ఇంకెలా చెప్పను అంది తల్లి. ఆ గొంతులో కోపం లేదు. మిషను తొక్కీ తొక్కీ సాయంత్రానికి కాళ్ళు లాగే మనిషి గొంతు అది.

ఆ తర్వాత గులాబీలు రాలేదు. పై ఆఫీసువాళ్ళు సర్వే ఒప్పుకున్నారు. కోటేశ్వరరావు గారు కొత్త ఫోటో కోసం ఇస్త్రీ చొక్కా వేసుకుని మరీ గట్టు మీద నిలబడ్డాడు. ట్యాబ్ మళ్ళీ పరుగులు తీస్తోంది. అంతా బాగానే ఉంది. బందరు వెళ్ళడానికి మాత్రం ఇప్పుడు ఏ వంకా లేదు. పది రోజుల్లో నాలుగుసార్లు ట్యాబ్‌ని అటూ ఇటూ తిప్పి ఎక్కడైనా పాడైందేమోనని చూసుకుంది. తన తెలివికి తనే విసుక్కుంది.

పదకొండోరోజు పొద్దున్న నీళ్ళని చిలికే ఏరియేటర్లు తిరుగుతున్న ఒక చెరువు గట్టు మీద ఉండగా అమ్మ దగ్గర్నుంచి మెసేజ్ వచ్చింది. "ఆ యాప్‌లో నీ గురించి పెట్టడానికి ఆ అబ్బాయి చేతే రాయించాను. నాకు ఇలాంటివి రాయడం రాదుగా. నిన్నడక్కుండా పెట్టొద్దన్నాడు. చదివి చెప్పు." కింద ఆ రాత ఉంది.

"మా అమ్మాయి లిఖిత రోజూ నలభై కిలోమీటర్లు చెరువు గట్ల మీద బండి నడుపుతుంది. రొయ్యని చూసి జబ్బేంటో చెబుతుంది. కోపం వస్తే నలుగురి ముందే అడుగుతుంది. తప్పు తనదని తెలిస్తే ఆ నలుగురి ముందే ఒప్పుకుంటుంది. ఉద్యోగం మానదు, మానమని అడగొద్దు. ఇంటికొచ్చేసరికి బాగా అలిసిపోయి ఉంటుంది. అప్పుడు ప్రశ్నలు వెయ్యకుండా ముందు మంచినీళ్ళు ఇవ్వగలిగినవాళ్ళు మాత్రమే ఫోన్ చెయ్యండి."

లిఖిత గట్టు మీదే చతికిలబడింది. చదివింది. మళ్ళీ చదివింది. పదకొండు సంబంధాల్లో ఎవరికీ కనపడని మనిషి ఈ ఆరేడు వాక్యాల్లో ఉంది. ఆ మనిషి తనేనని గుర్తుపట్టడానికి ఆమెకే కాసేపు పట్టింది.

తర్వాత కోపం వచ్చింది. ఇంత తెలిసినవాడు, ఇదంతా రాసి, ఎవరో ఒకరు ఫోన్ చెయ్యండి అంటాడా?

మధ్యాహ్నం సెలవు పెట్టి బస్సెక్కింది. మూడింటికి షాపు తలుపు తోసేసరికి సుధీర్ ఒక్కడే ఉన్నాడు. డబ్బాలో అన్నం తింటున్నాడు. ఆమెని చూసి లేచి నిలబడి, ట్యాబ్ కోసం చెయ్యి చాచాడు. ఆమె చేతిలో ట్యాబ్ లేదు.

"మా అమ్మకి మీరు రాసిచ్చింది చదివాను."

"తప్పుగా ఏమైనా రాశానా అండీ?"

"లేదు. అన్నీ నిజాలే రాశారు. అందుకే వచ్చాను. నా గురించి అంత తెలిసిన మనిషి, దాన్ని ఊళ్ళోవాళ్ళందరి కోసం ఎందుకు రాసినట్టు?"

సుధీర్ చెయ్యి కడుక్కున్నాడు. తువాలుతో అవసరమైన దానికంటే ఎక్కువసేపు తుడుచుకున్నాడు.

"మీ అమ్మగారు రాయమన్నారు. నేను కాదంటే పక్కింటావిడ చేత రాయిస్తానన్నారు. ఆవిడైతే సంప్రదాయం, వంట, పొందికైన పిల్ల అని రాస్తుంది. అవి చదివి మళ్ళీ అలాంటివాళ్ళే వస్తారు. మిమ్మల్ని మళ్ళీ అవే అడుగుతారు. అందుకని రాశాను."

"రాస్తుంటే మీకేమీ అనిపించలేదా?"

వాన పెద్దదైంది. రేకుల చూరు మీద చినుకులు పడుతుంటే అతని జవాబు కోసం ఆమె కొంచెం ముందుకి వంగాల్సి వచ్చింది.

"ఎవరూ చదవకపోతే బావుండుననిపించింది" అన్నాడు. "రెండు గంటలు పట్టింది నాకు. మీ అమ్మగారు రెండుసార్లు టీ ఇచ్చారు. చివరికి మిమ్మల్నడక్కుండా పెట్టొద్దని చెప్పి వచ్చేశాను. ఆవిడ మిమ్మల్ని అడక్కుండా ఉంటే బావుండునని కూడా అనుకున్నాను. ఇంకేం చెప్పను? నాకు ఈ షాపు, మా అమ్మ, ఇంటికి వెళ్ళేసరికి మీకున్నంత అలసట. మావి చర్చికి వెళ్ళే ఇళ్ళు. మీరు ఇప్పటికే అందరికీ సమాధానాలు చెప్పి విసిగిపోయి ఉన్నారు. నేను ఇంకో కొత్త ప్రశ్నలా మీ ముందుకి రావాలనుకోలేదు."

లిఖిత స్టూలు లాక్కుని కూర్చుంది.

"నాకు మంచినీళ్ళు కావాలి" అంది.

అతను గ్లాసు నిండా తెచ్చి ఇచ్చాడు. ఆమె ఆపకుండా తాగింది. గ్లాసు కింద పెట్టి, "సగం తిని లేచారు. తినండి. తిన్నాక మాట్లాడుకుందాం" అంది.

అంతకంటే వాళ్ళిద్దరూ ఆ రోజు ఒకరికొకరు చెప్పుకున్నదేమీ లేదు. అది చాలని ఇద్దరికీ తెలిసింది.

పెళ్ళి చేసుకుంటామని అమ్మలకి చెప్పడం అంత తేలిగ్గా అవలేదు. సుధీర్ తల్లి సువార్తమ్మ గారు రెండ్రోజులు ఎవరితోనూ మాట్లాడకుండా ప్రార్థనలో గడిపింది. మూడోరోజు, ఆ పిల్ల తన దేవుణ్ణి మానుకోనక్కర్లేదు, నేను నా దేవుణ్ణి మానను, అలా అయితే నాకేం అభ్యంతరం లేదని చెప్పింది. విజయకుమారి మాత్రం మూడు వారాలు ఫోనే చెయ్యలేదు. లిఖిత చేస్తే ఎత్తి, భోంచేశావా అని అడిగి పెట్టేసేది. చుట్టాలేమంటారో, పోయిన భర్త ఉంటే ఏమనేవాడో అని ఆమె రోజూ మిషను ముందు కూర్చుని లెక్కలేసుకుంటోందని లిఖితకి తెలుసు. తొందరపెట్టలేదు. తొందరపెట్టే ఓపిక కూడా లేదు.

నాలుగో ఆదివారం తల్లే ఇద్దర్నీ రమ్మంది.

గుడివాడ ఇంట్లో ముందుగదిలో కుట్టాల్సిన గుడ్డలు ఒకవైపుకి తోసి వాళ్ళకి చోటు చేసింది. సువార్తమ్మ గారు కూడా వచ్చింది. కాఫీలయ్యాయి. ఎవరూ ఏమీ మొదలుపెట్టకపోతే విజయకుమారే కళ్ళజోడు తీసి చీరకొంగుతో తుడుచుకుంటూ మొదలుపెట్టింది.

"పదకొండు మందికి ఇదే గదిలో కాఫీలిచ్చానండీ వదిన గారూ. ఎవరికి తోచింది వాళ్ళడిగారు. వాళ్ళు వెళ్ళాక కప్పులు కడుక్కుంటూ, దీనిలో లోపమేంటా అని నేను కూడా వెతికాను. తల్లినై ఉండి వెతికాను. మీ అబ్బాయి ఆ రోజు వచ్చాడు. ఫోన్ బాగుచేశాడు, రాసిచ్చాడు. పోతూ పోతూ నాతో ఏమన్నాడో తెలుసా? పొద్దున్నే అయిదున్నరకి ఆ యాప్ పంపకండమ్మా, ఆవిడ నిద్రపోయేది ఆ కాసేపే అన్నాడు." కళ్ళజోడు మళ్ళీ పెట్టుకుంది. "నా కూతురు ఎప్పుడు నిద్రపోతుందో నాకు తెలీదు. ఈ అబ్బాయికి తెలుసు. ఇంక చుట్టాలకి ఏం చెప్పాలో నేను చూసుకుంటాను."

లిఖిత లేచి వెళ్ళి తల్లి పక్కన కూర్చుంది. తల్లి ఆమె చెయ్యి పట్టుకుని చూసి, ఎండకి ఎంత నల్లబడిపోయావే అంది. అని, ఆ మాట ఎక్కడిదో గుర్తొచ్చి నాలిక్కరుచుకుంది. అందరూ నవ్వేశారు. సువార్తమ్మ గారు ఇంక పెళ్ళి ఎలా అన్న మాటకి వచ్చింది. ముందు రిజిస్ట్రారాఫీసు, తర్వాత రెండిళ్ళల్లోనూ భోజనాలు అని తేల్చారు. ముహూర్తం విజయకుమారి చూస్తుంది. ప్రార్థన సువార్తమ్మ గారు చేస్తుంది. చేపల కూర ఎవరు వండాలన్న దగ్గర మాత్రం ఇద్దరూ కాస్త పట్టుబట్టారు.

సువార్తమ్మ గారిని కూతురింట్లో ఆ పూటకి దింపి, లిఖితని కోడూరు దాకా దిగబెట్టి వస్తానన్నాడు సుధీర్. మధ్యాహ్నం బస్సు. పామర్రు దాటింది, కూచిపూడి దాటింది. రెండువైపులా వరి నాటిన చేలు, నీళ్ళల్లో మబ్బులు. అతను బావున్నాడని ఆమె చెప్పలేదు, ఆమె బావుందని అతను చెప్పలేదు. అతను ఇంకా తనని మీరు అనే అంటున్నాడని లిఖిత గుర్తుచేస్తే, ప్రాక్టీసు చేస్తున్నానండీ అన్నాడు.

అవనిగడ్డలో బస్సు మారారు. కిటికీ పక్క సీటు ఆమెకి ఇచ్చాడు. సన్నగా జల్లు మొదలైంది. ఊరు దాటిన కాసేపటికి లిఖితకి కళ్ళు మూతలు పడ్డాయి. ఆపుకుందామని చూసింది. నాలుగేళ్ళుగా ఎక్కడ దిగాలో తనే చూసుకునే అలవాటు ఆమెది. ఈసారి చూసుకునే మనిషి పక్కనున్నాడు. తల అతని భుజం మీదికి వాలింది. తియ్యలేదు.

ఎంతసేపు పడుకుందో తెలీదు. బస్సు ఆగినట్టనిపించి సగం మెలకువ వచ్చింది. మనుషులు దిగుతున్న చప్పుడు, కోళ్ళగంప ఒకటి దింపుతున్న చప్పుడు వినపడ్డాయి. తర్వాత నిశ్శబ్దం. కండక్టర్ దగ్గరికొచ్చాడు.

"కోడూరు ఆఖరండీ. దిగాలి."

సుధీర్ గొంతు చాలా నెమ్మదిగా వినపడింది. "ఈ బస్సు మళ్ళీ ఎటెళ్తుందండీ?"

"పది నిమిషాలాగి అవనిగడ్డ వెళ్ళిపోద్ది."

"అయితే ఇద్దరికీ అవనిగడ్డకి ఇవ్వండి."

ఆ తర్వాత టికెట్ మిషను చప్పుడు వినపడింది.

లిఖిత అంతా వింది. కళ్ళు తెరవలేదు.